నడుమంటే ఎక్కడ?

"షాపు కట్టేశానండీ. రేపు రండి," అంది టైలరమ్మ తలెత్తకుండానే.

గుమ్మంలో నిలబడ్డ పెద్దమనిషి చేతిలో ప్యాంటు ఉంది.

"కాస్త పొడవు తగ్గిస్తే చాలమ్మా. ఒక్క నిమిషం."

"అందరిదీ ఒక్క నిమిషమే."

విసుక్కుంటూనే లోపలికి రమ్మంది. ఆయన మిషను దాకా వచ్చాడో లేదో, పైకప్పు కూలింది.

ఆమెకు తెలివొచ్చేసరికి అంతా చీకటి. నోటినిండా దుమ్ము. తను మిషను పక్కన వెల్లకిలా పడి ఉంది. కాలు కదపబోతే ప్రాణం పోయినంత పనైంది.

"ఎక్కడ తగిలిందమ్మా?" పక్కనుంచే ఆయన గొంతు.

"నడుం."

"నడుమంటే ఎక్కడ?"

ఆమెకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి నడుములు కొలుస్తున్న మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా?

"టేపు చుట్టే చోటా, వెనకాల అడుగునా?" అన్నాడాయన మళ్లీ.

"వెనకాలే. తుంటికి కాస్త పైన."

"దాన్ని లంబార్ అంటారు. నాకక్కడ ఆపరేషనైనప్పుడు నర్సులు పొద్దస్తమానం ఆ మాటే అనేవాళ్లు. ఎవరైనా వస్తే అలాగే చెప్పండి. ఉత్త నడుమంటే, పట్టేసిందనుకుని చేతులు పట్టి లాగేస్తారు. లంబార్ అంటే వెన్నెముకని తెలిసి, చెక్క పలక మీద పడుకోబెట్టి తీస్తారు. ఏదీ, అనండి."

"లంబారు."

ఆయన వెనకనుంచి సన్నగా వెలుతురు వస్తోంది. మనిషి పాకిపోయేంత సందు.

"దారుందిగా. వెళ్లి ఎవర్నైనా పిలుచుకు రండి."

"కదల్లేనమ్మా. నా నడుమూ పట్టేసింది."

"చావు మీదికొస్తే నడుంనొప్పి గుర్తొచ్చిందా మీకు?"

ఆమె అరిచింది, ఏడ్చింది, ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది.

"తిట్టండి, పర్లేదు. నిద్రలోకి మాత్రం జారుకోకండి," అన్నాడాయన. గొంతు అంతకంతకూ సన్నబడుతోంది.

ఎంతసేపటికో పైన మనుషుల అలికిడి. సందులోంచి టార్చి వెలుగు పడింది.

"ముందు ఆవిణ్ణి తియ్యండి," అన్నాడాయన.

"లంబారు," అంది ఆమె, వచ్చినవాళ్లు చేతులు చాచగానే.

వాళ్లు ఆగారు. పలక తెప్పించి, ఆమెను మెల్లగా దానిమీదికి జరిపి బయటికి లాగారు. ఆమె వెనక్కి చూడలేదు.

ఆసుపత్రిలో లేచి కూర్చోగలిగాక, ఆమెను బయటికి తీసిన మేస్త్రీ చూడ్డానికి వచ్చాడు.

"కాళ్లు దక్కాయన్నయ్యా," అంది. "ఎలా పడితే అలా లాగి ఉంటే మంచానికే అతుక్కుపోయేదాన్నని డాక్టరన్నాడు. ఆ పెద్దమనిషి ఏ వార్డులో ఉన్నాడు? నానా మాటలూ అన్నాను. ఒకసారి కనిపించి రావాలి."

మేస్త్రీ తల దించుకున్నాడు.

"ఆయన లేడమ్మా. మిమ్మల్ని తీసిన మరుక్షణమే దూలం కిందికొచ్చేసింది."

"అప్పటిదాకా దేనిమీద నిలిచింది?"

"ఒక కొన మీ మిషను మీద," అన్నాడు మేస్త్రీ. "రెండో కొన ఆయన నడుం మీద."