తాడు లాగిందెవరు?

గడ్డం గీసుకోవాలి. ఖాకీ చొక్కాకు ఊడిన గుండీ కుట్టుకోవాలి. ఇవాళ కాపలాకు రానని గోడౌన్‌లో చెప్పాలి. దర్జీని కోర్టుకు తీసుకురావాలి.

మొదటి మూడూ అయిపోయాయి. చివరిది ఆయన చేతిలో లేదు. ఆ అమ్మాయి చేతిలో ఉంది.

ఆయన ఒకప్పుడు సిటీ బస్సు కండక్టరు. ఒకరోజు ముసలామె ఇంకా దిగుతుండగానే, బండి కదలమనే రెండు బెల్లులు మోగాయి. డ్రైవరు బెల్లును నమ్మి బండి కదిలించాడు. ఆమె పడింది. చెయ్యి విరిగింది. బెల్లు తాడు లాగింది నేను కాదు మొర్రో అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఉద్యోగం ఊడింది. ఆయన కోర్టులో కేసు వేశాడు.

తోటివాళ్లు మొహం చాటేశారు. గదిలో పలికే దిక్కు లేదు. పొద్దున్నే లేచి, గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి "రైట్ రైట్" అనుకునేవాడు.

గోడౌన్ కాపలాకు తను పనిచేసిన పాత బస్సులోనే వెళ్లేవాడు. రోజంతటిలో ఆయన్ని పలకరించేది అందులో కొత్తగా చేరిన కండక్టరమ్మాయి ఒక్కతే.

"బాబాయ్, కేసు ఎందాకా వచ్చింది?"

"నత్తనడకే తల్లీ. నీ పర్మనెంటు సంగతేమిటి?"

"ముందు మీ కేసు తేలనివ్వండి. నా సంగతి దానంతటదే తేలుతుంది," అని నవ్వేది.

పోయిన నెల ఆమె బస్సు వెనక టిక్కెట్లు కొడుతుంటే ముందువైపు బెల్లు మోగింది. జనాన్ని తోసుకుంటూ వెళ్లి, తాడు మీదున్న చేతిని పట్టుకుంది. రోజూ ఎక్కే దర్జీ!

"షాపుకు లేటవుతోందమ్మా..."

"ముసలామె పడ్డ రోజు కూడా లేటైందా?"

దర్జీ తల వంచుకున్నాడు.

కోర్టుకు మాత్రం రానంటే రానన్నాడు. డ్యూటీ దిగగానే ఆమె అతని షాపులో బైఠాయించేది.

"ఏం కుట్టాలమ్మా?"

"ఏమీ కుట్టక్కర్లేదు. నోరు విప్పు, చాలు."

ఇవాళ అనుకున్నంత పనీ చేసింది. దర్జీని చెయ్యి పట్టుకుని కోర్టుకు లాక్కొచ్చింది. అతను బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

కొన్నాళ్లకు తీర్పు వచ్చింది. తొలగింపు చెల్లదు, ఆయన్ని అదే బస్సులో, అదే పనిలోకి తీసుకోవాలి.

తొలిరోజు డిపోలో టిక్కెట్ల సంచీ అందించింది ఆ అమ్మాయే.

"పట్టీ మీ భుజానికి సరిచేశాను బాబాయ్."

"మరి నిన్ను ఏ బస్సుకు వేశారు తల్లీ?"

"ముందు ఎక్కండి, టైమైంది. రైట్ రైట్!"

ఆయన తాడు రెండుసార్లు లాగాడు. బస్సు గేటు దాటేదాకా ఆమె ఖాళీ చేతులు ఊపుతూనే ఉంది.

మీరెప్పుడైనా ఆ బస్సెక్కి బెల్లు వింటే ఆ అమ్మాయిని ఒక్కసారి తలుచుకోండి: ఆయన ఖాళీలో తాత్కాలికంగా పెట్టుకున్నది తననేనని, ఆయన గెలిచిన రోజున ఇంటికి పోవలసింది తనేనని, చేరిన రోజే ఆమెకు చెప్పారు.