కెమెరా ముందు నడక

"పద్దెనిమిదేళ్లుగా అడవిలో పని చేస్తున్నావని రుజువేదయ్యా? అటెండెన్స్ రిజిస్టర్లో నీ పేరే లేదు." పర్మినెంట్ చేయమని వచ్చిన టెంపరరీ వాచర్‌ని రేంజర్ నిలదీశాడు.

"ఆ రిజిస్టర్ నాకెప్పుడైనా చూపించారా సార్? పులుల్ని ఫొటో తీసే కెమెరాలన్నీ చెట్లకు కట్టింది నేనే. కట్టిన ప్రతిసారీ, అది పనిచేస్తోందో లేదోనని పులిలా నాలుక్కాళ్ల మీద దాని ముందు నడిచేవాణ్ణి. ఆ ఫొటోలు తేదీలతో సహా మీ కంప్యూటర్లోనే ఉంటాయి, చూడండి."

రేంజర్ కంప్యూటర్ వైపు తలైనా తిప్పలేదు.

"మనుషులు పడ్డ ఫొటోలు మాకెందుకు? ఎప్పటికప్పుడు తీసేస్తాం. జంతువులవే దాస్తాం."

వాచర్ కాయలు కాసిన మోకాళ్లను తడుముకున్నాడు.

"నాలుక్కాళ్ల మీద నడిచినవి కూడానా సార్?"