దిండి వీసా

"నాకు కువైటొద్దండి మాస్టారూ. దుబాయ్ అయితే వెళ్తాను," అంటూ నాగమణి రెండు పాస్‌పోర్టు ఫోటోలు దానం మాస్టారి చేతిలో పెట్టింది.

ఆయనకి బుర్ర పనిచెయ్యలేదు. పొద్దున్నే గేటు తీస్తే ఇదేం గోల? నాగమణి వెనక జగ్గయ్య, జగ్గయ్య వెనక పాల కేంద్రం దాకా జనం. అందరి చేతుల్లోనూ ఫోటోలే. ఒకాయన టెన్తు సర్టిఫికెట్టు కూడా పట్టుకొచ్చాడు.

పెళ్లి కుదిరిన ఆయన కూతురు శారోన్ మాత్రం అరుగు మీద తీరిగ్గా కూర్చుని శుభలేఖలు కుట్టుకుంటోంది. అవి మామూలు శుభలేఖలా? పెళ్లి ఊళ్లో చర్చిలో కాదు, దిండిలో గోదావరి ఒడ్డునట. అల్లవరం నుంచి అందరూ ప్రయాణం కట్టాలి కాబట్టి శుభలేఖ కూడా పాస్‌పోర్టులాగే ఉండాలట. నీలం అట్టతో చిన్న పుస్తకం, పైన బంగారు రంగు అక్షరాలు, లోపల బంగాళాదుంప కోసి చేసిన ముద్రతో 'దిండి వీసా', దాని పక్కన పిలిచిన మనిషి ఫోటో. ఆ ఫోటోల కోసం వారం నుంచీ చుట్టాలిళ్లన్నీ తిరిగింది, ఒక్క పెదనాన్న సత్యం ఇంటికి తప్ప. గట్టు మీది కొబ్బరిచెట్టు గురించి మాటా మాటా పెరిగినప్పటి నుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు.

"పెదనాన్న లేకుండా నా పెళ్లేంటి నాన్నా? మీరెళ్లి పిలవండి," అని పిల్ల రోజూ పోరుతోంది. "ముందు ఆయన్ని రమ్మను," అని దానం రోజూ అంటున్నాడు. అనేశాక మాత్రం అన్నం సహించదు.

"ఏంటయ్యా జగ్గయ్యా ఇదంతా?"

"మీ కాబోయే అల్లుడుగారు దుబాయ్‌లో ఉన్నారు కదండి. అమ్మాయిగారు ఫోటోలు తీసుకుని పాస్‌పోర్టులు కుట్టేస్తున్నారనీ, వీసా ముద్ర కూడా ఇంట్లోనే వేసేస్తున్నారనీ కొబ్బరితోటలో కాయల దింపు దగ్గర అనుకున్నారండి."

"ఎవరనుకున్నారు?"

"అందరూనండి."

"అవి శుభలేఖలయ్యా బాబూ."

"ఆయ్. పైకి అలాగే చెప్తారని కూడా అన్నారండి."

దానం తల పట్టుకున్నాడు. ఇక లాభం లేదని బంగాళాదుంప తెచ్చి ఒక్కొక్కరికీ చూపించాడు. దుంప చూశాక కొందరు నవ్వారు, కొందరు గొణిగారు. "పోన్లెండి, ఫోటోలు ఇచ్చెళ్లండి. అందరికీ దిండి దాకా వీసా ఇస్తాను, భోజనం కూడా అక్కడే," అంది శారోన్. "దిండికయితే పాత ఫోటో చాల్లేమ్మా," అని నాగమణి కొత్తవి వెనక్కి తీసుకుంది.

వరస పలచబడింది. చిట్టచివర ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ఫోటో పట్టుకుని సత్యం నిలబడి ఉన్నాడు.

దానం గబగబా రెండడుగులు ముందుకు వేశాడు. అన్నయ్య వచ్చాడు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఈ వయసులో ఈయనకీ దుబాయ్ పిచ్చి పట్టిందా? నిజం చెబితే ఇటు వచ్చిన కాళ్లు అటే తిరిగిపోతాయి. చెప్పకపోతే సొంత అన్నని మోసం చేసినట్టు. ఏం చెయ్యాలో తోచక కాసేపు గేటు గడియతో ఆడుకున్నాడు.

"అన్నయ్యా," అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ. "ఇది ఉత్త శుభలేఖ. దీంతో దుబాయ్ వెళ్లడం కుదరదు."

సత్యం అతన్ని దాటుకుని అరుగు ఎక్కి, ఫోటో శారోన్ ఒళ్లో పెట్టి వెనక్కి తిరిగాడు.

"తెలుసురా. తోటలో ఆ మాట పుట్టించింది నేనే. పిలవని మనిషి నీ గేటు దాటాలంటే, ముందు ఊరంతా వరసలో నిలబడాలి కదా."