పదకొండు పేర్లు

"ఏంటి తల్లీ, నీ డబ్బా ఇంకా నోరు తెరవలేదా?" వైర్‌లెస్ సెట్‌లో డారిల్ గొంతు గరగరలాడింది. "మంట కొండ దాటేసింది. మహా అయితే మూడు గంటలు. గాలి తిరిగిందంటే అదీ ఉండదు. ఎవరెవరి ఇళ్లకి వెళ్లాలో చెప్పు."

"చూస్తున్నా డారిల్. అరవకు."

"అరవడం లేదు, బతిమాలుతున్నా."

డారిల్ ఆ కొండ ఊళ్ల వాలంటీరు ఫైరింజన్లకి కెప్టెన్. రోవీనా అక్కడి కౌన్సిల్ ఆఫీసుకి ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ మనిషి. మంచం దిగలేనివాళ్లు, వీల్‌చైర్లో ఉన్నవాళ్లు, బండి నడపలేనివాళ్లు, అంటే మంటలొస్తే తమంతట తాము బయటపడలేనివాళ్ల పేర్లు ఆమె దగ్గరే ఉన్నాయి. ఉన్నాయి కానీ కనిపించడం లేదు.

పేర్లు రాసే ప్రోగ్రాం తాతల నాటిది. కొత్త సిస్టం మీద నడవనని మొరాయిస్తే, కంప్యూటర్ లోపలే ఇంకో పాత కంప్యూటర్ లాంటి వర్చువల్ మెషిన్ పెట్టి అందులో నడుపుతున్నారు. ఫైళ్లు మాత్రం బయట ఉంటాయి. లోపలికీ బయటికీ లింకు ఒక షేర్డ్ ఫోల్డర్. సోమవారం సిస్టం అప్‌డేట్ అయింది. ఇవాళ గురువారం, లోపల ఆ ఫోల్డర్ తెరిస్తే పేర్లన్నీ మాయం. ఏదో ఒక్క ఫైలు మాత్రం బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. అదేమిటో చూసే తీరిక రోవీనాకి లేదు. బయటినుంచి తెరుద్దామంటే ఆ ఫైళ్లలో అన్నీ పిచ్చిగీతలే. కాగితం మీద ఒక కాపీ ఉంచుదామని రెండేళ్లుగా మొత్తుకుంది. జనాల సొంత విషయాలు బల్లల మీద పడుండకూడదని పైవాళ్లు వద్దన్నారు. ఇప్పుడు పైవాళ్లంతా చల్లగా పట్నంలో ఉన్నారు.

ఆమె చెవి దగ్గర ఫోన్లో టెవిటా. పట్నంలో కూర్చుని ఇలాంటి మెషిన్లకి వైద్యం చెప్పే కుర్ర ఇంజనీరు.

"అప్‌డేట్ అయ్యాక లింకు నడిపే లోపలి డ్రైవర్ ప్రోగ్రాంలు మళ్లీ ఎక్కించాలక్కా."

"ఎక్కించా. ఇప్పుడు అనుమతి లేదంటోంది."

"అయితే ఫోల్డర్ చూసే గ్రూపులోంచి నీ పేరు ఎగిరిపోయి ఉంటుంది. చేర్చు."

"చేర్చా."

"ఇంకోసారి రీస్టార్ట్ చెయ్యి."

"ఇంకోసారా! ఇక్కడ పట్టపగలు ఆకాశం ఎర్రగా ఉందయ్యా!"

"వేరే దారి లేదక్కా."

కిటికీ అద్దం మీద బూడిద రాలుతోంది. మెషిన్ తీరిగ్గా లేచింది. రోవీనా ఫోల్డర్ నొక్కింది.

పదకొండు ఫైళ్లు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

"డారిల్, రాసుకో! మొత్తం పదకొండు మంది."

ఒక్కో పేరూ చదువుతుంటే ఒక్కో బండి కదిలింది. ఆక్సిజన్ సిలిండర్‌తో ఉన్న బెరిల్‌ని తీసుకొచ్చారు. కాలు లేని డచ్ ముసలాయన్నీ, ఆయన వదిలి రానన్న కుక్కనీ కూడా తీసుకొచ్చారు. ఎనిమిది మంది వచ్చేశారు. తొమ్మిది మంది.

"రోవీనా, క్వారీ రోడ్డు మలుపులో ఉన్నా," అన్నాడు డారిల్. "అటు ఎవరన్నా ఉన్నారా? నాకు టైం లేదు. ఉన్నారంటే పైకి పోతా, లేరంటే వెనక్కి."

ఆమె లిస్టంతా రెండుసార్లు చూసింది. "క్వారీ రోడ్డులో ఎవరూ లేరు."

"అనుకున్నా. అక్కడుండేది మా నాన్న ఒక్కడే. లిస్టులో పేరు రాయించుకోమంటే కర్ర తీసుకుంటాడు. పొద్దున ఫోన్ చేస్తే, 'నా ప్రయాణం ఏర్పాట్లన్నీ అయ్యాయి, నీ పని నువ్వు చూసుకో' అని కసిరాడు. ఈపాటికి వెళ్లిపోయుంటాడు. తిప్పేస్తున్నా."

మూడున్నరకి గాలి తిరిగింది. క్వారీ రోడ్డు వైపు కొండంతా పావుగంటలో ఊడ్చిపెట్టుకుపోయింది.

అయిదింటికి డారిల్ మసిబొగ్గులా ఆఫీసులోకొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "పదకొండుకి పదకొండు! నీ డబ్బాకి నేను బీరు పోయించాలి. మా నాన్న ఏ పబ్బులో చేరి నన్ను తిట్టుకుంటున్నాడో, ముందు ఆయన్ని పట్టుకోవాలి." మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

ఫోన్ మోగింది. టెవిటా.

"అంతా క్షేమమేనా అక్కా? ఒక్క చిన్న విషయం. లింకు తెగి ఉన్న రోజుల్లో ఎవరైనా కొత్త పేరు రాసుంటే అది బయటికి రాదు. లోపలే, అదే పేరుతో ఉండే ఉత్త ఫోల్డర్లో పడుతుంది. లింకు రాగానే దాని కింద కప్పబడిపోతుంది. తీరిగ్గా ఉన్నప్పుడు ఒకసారి లింకు తీసి చూడు."

రోవీనాకి పొద్దుటి ఆ ఒంటరి ఫైలు గుర్తొచ్చింది. వెంటనే లింకు తీసింది.

పదకొండూ మాయమయ్యాయి. ఒక్కటి మిగిలింది. ఫోన్ల దగ్గర కూర్చునే గ్లెనిస్ మంగళవారం పొద్దున రాసింది. మెర్విన్ ప్రూట్, ఎనభై నాలుగేళ్లు, క్వారీ రోడ్డు.

"ఏంటి, ఇంకో పేరా?" తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ డారిల్ ఆమె భుజం మీదుగా వంగాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టేలోపే చదివేశాడు.

"చూపు పోయింది. బండి నడపలేడు. తీసుకెళ్లడానికి ఎవరినైనా పంపమన్నాడు, కొడుకు డారిల్‌ని తప్ప."