లైన్ కలిసిందా?

"లైన్ కలిసిందా సిస్టరమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ గొంగడి మనిషి అలా అడగడం అది ఎన్నోసారో స్నేహలతకు గుర్తులేదు.

"కలిస్తే నేనే చెప్త. జర పక్కకు జరుగు, వెలుతురు ఆపుతున్నవ్" అంది, ల్యాప్‌టాప్ మీది నుంచి తల ఎత్తకుండానే.

ఆయన పక్కకు జరిగాడు. పోలేదు.

బంట్వారం దాటి లోపలికి ఉన్న ఆ ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి స్నేహలత నర్సుగా వచ్చి వారం కూడా కాలేదు.

అప్పుడే ఈ వాన. వికారాబాద్ దారిలో వాగు పొంగింది. తాండూరు దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. ఊరు మధ్యలో చిక్కుకుంది.

పొద్దున నీళ్లలో పడుతూ లేస్తూ వస్తుంటే ఆమె ఫోన్ తడిసి పనికిరాకుండా పోయింది. కరెంటు లేక ఊళ్లో టవర్ ఆగింది. అందరి ఫోన్లూ మూగబోయాయి.

లోపల బల్ల మీద దేవిక ఉంది. కాన్పయింది. పిల్లాడు బాగానే ఏడ్చాడు. తల్లికి మాత్రం నెత్తురు ఆగడం లేదు. ఇంజెక్షన్ ఇచ్చినా ఆగడం లేదు.

"అవ్వా, పొట్ట మీద అట్లనే గట్టిగ రుద్దుతుండు. ఆపకు" అంది స్నేహలత.

దేవిక అత్త హన్మమ్మ రుద్దుతూనే ఉంది. "మొకం తెల్లబడుతున్నది సిస్టరమ్మా" అంది.

మిగిలిన ఆశ ఒక్కటే. కేంద్రానికిచ్చిన లినక్స్ ల్యాప్‌టాప్, దానికి తగిలించే నెట్ డాంగిల్. అందులో వేరే కంపెనీ సిమ్ ఉంది, దాని టవర్ తాండూరు దిక్కున.

డాంగిల్ పెట్టింది. ల్యాప్‌టాప్ దాన్ని పెన్‌డ్రైవ్ అనుకుంది!

తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ పెన్‌డ్రైవే.

ఏడుపొచ్చింది. ట్రైనింగ్‌లో మల్లికార్జున్ సార్ చెప్పింది గుర్తుతెచ్చుకుంది. 'అది పెన్‌డ్రైవ్ లెక్క కనిపిస్తే తీసెయ్యొద్దు, ఎజెక్ట్ కొట్టు. అప్పుడు మోడెమ్‌గా మారుతది.'

కొట్టింది. నల్ల తెర తెరిచి, నేర్పిన కమాండ్లు ఒక్కొక్కటే టైపు చేసింది.

మోడెమ్ దొరికింది. సిమ్ ఉంది.

సిగ్నల్ సున్నా.

"లైన్..."

"కలువలే!" అరిచింది స్నేహలత. "గోడల మధ్య సిగ్నల్ లేదు. ఇంకెన్నిసార్లు అడుగుతవ్?"

ఆయనేమీ నొచ్చుకోలేదు.

"మీదికైతే దొరుకుతదా?"

స్నేహలత మొదటిసారి ఆయన ముఖం చూసింది. నెరిసిన గడ్డం, ఎర్రబడ్డ కళ్లు.

డ్రాయర్లో పొడుగు వైరు ఉంది. దాని చివర డాంగిల్ తగిలించి, ప్లాస్టిక్ కవర్ చుట్టి కిటికీలోంచి అందించింది. కిటికీ చువ్వలు పట్టుకుని ఆయన స్లాబు మీదికి ఎగబాకాడు.

ఎక్కడో దగ్గర్లోనే పిడుగు పడింది. హన్మమ్మ ఉలిక్కిపడింది.

"తాండూరు దిక్కు తిప్పు!" కిటికీలోంచి కేకేసింది స్నేహలత. "ఇంకా ఎత్తు! ఇంకా!"

తెర మూలన ఒక గీత లేచింది. పక్కనే ఇంకొకటి.

"ఆగు! గట్లనే!"

వీడియో కాల్ కలిపింది. వికారాబాద్ ఆసుపత్రి నుంచి డాక్టర్ మార్త ముఖం ముక్కలు ముక్కలుగా వచ్చి ఒక్కటైంది.

"స్నేహలతా, భయపడకు. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పు. నన్ను చూడనియ్."

చూసింది.

"మాయ ముక్క లోపలే ఉండిపోయింది. చేత్తో తియ్యాలి. గ్లవ్స్ మార్చుకో, నేను చెప్తుంటా."

స్నేహలత గ్లవ్స్ మార్చుకుంది. ఈ పని ఎప్పుడూ చేయలేదు. పారిపోదామన్నా దారి లేదు.

సగంలో ఉండగా డాక్టర్ ముఖం తెర మీద కదలకుండా ఆగిపోయింది. మాట తెగింది.

"కదలకు!" గొంతు చిరిగేలా అరిచింది స్నేహలత.

"కదల బిడ్డా! నువ్ పని చూస్కో!" అని పైనుంచి వినిపించింది.

మాట మళ్లీ కలిసింది. "ఆ, అదే. మెల్లగా... వచ్చేసింది. ఇప్పుడు పొట్ట గట్టిగా అదిమి పట్టు."

పట్టింది. ఎంతసేపో తెలియదు. వాన చప్పుడు, పిల్లాడి ఏడుపు, డాక్టర్ గొంతు.

నెత్తురు తగ్గింది. ఆగింది.

దేవిక కళ్లు తెరిచి నీళ్లడిగింది. హన్మమ్మ గోడకు చేరగిలబడి ఏడ్చేసింది.

"తల్లి ఎట్లున్నది?" పైనుంచి ఆ గొంతే.

"మంచిగున్నది. ఇగ దిగు!" అంది స్నేహలత, పైకి చూడకుండానే.

డాక్టర్ చెప్పిన మందులన్నీ ఇచ్చి, చేతులు కడుక్కుని, ఒక్క క్షణం కూర్చున్నాక గుర్తొచ్చింది. అంత వానలో ఆ మనిషి స్లాబు మీద నిలబడ్డాడు. తను ఆయన్ని కసిరింది తప్ప ఒక మంచి మాట అనలేదు.

వేడి టీ గ్లాసుతో బయటికి పరుగెత్తింది.

వాకిట్లో ఎవరూ లేరు. కవర్లో చుట్టిన డాంగిల్ కిటికీ గట్టు మీద భద్రంగా ఉంది. చేల గట్ల దాకా చూసింది. వాన తప్ప ఏమీ కనిపించలేదు.

లోపలికొచ్చి అడిగింది. "అవ్వా, గాయన మీ సుట్టమా?"

"మాకేం గాడు. గుట్ట కింద గొర్లు కాస్తడు. బిచ్చయ్య."

"మరి ఒంట్లో బాగలేక వచ్చిండా? ఎందుకొచ్చినవని కూడా అడగలేదు నేను."

హన్మమ్మ మనవణ్ణి ఒళ్లోకి పొదువుకుంది.

"పోయినేడు గిట్లనే వాగొచ్చిన్నాడు గాయన బిడ్డ గదే బల్ల మీద పానమిడిసింది సిస్టరమ్మా, డాక్టర్‌కు లైన్ కలువక" అంది. "గప్పటిసంది గట్టి వాన పడ్డదంటె సాలు, మందనిడిసి గీడికొచ్చి నిలబడ్తడు."