గోడ లోపల ఎవరో

"నిన్ను సున్నం వేయమన్నానా, గోడ గీకమన్నానా?"

చర్చి గుమ్మంలో నిలబడి మరూసో గట్టిగానే అడిగింది.

ఎలియాస్ ప్రవక్త పండగ ఎల్లుండే. ఆ చిన్న గ్రీకు దీవిలోని జనమంతా కొండెక్కి ఈ చర్చికే వస్తారు. దాని బాగోగులు చూసేది మరూసో. పొద్దుటినుంచి ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు.

సున్నం వేయడానికి పిలిపించిన లిగోర్ మాత్రం వంటింటి చాకుతో అరచేయంత మేర మెల్లగా గీకుతున్నాడు. నెల కిందట అల్బేనియా నుంచి పనికోసం వచ్చిన ముసలివాడు. వచ్చీరాని గ్రీకు.

"లోపల ఎవరో ఉన్నారు తల్లీ," అన్నాడు.

"బల్లులుంటాయి. బ్రష్ అందుకో."

"నాలుగు రోజులు ఆగు. ఈ గోడకు సున్నం వద్దు."

"పండగ నీకోసం ఆగుతుందా? ముప్పై ఏళ్లుగా ఏటా దగ్గరుండి వేయిస్తున్నాను. నాకు తెలియకుండా ఇందులో ఎవరున్నారయ్యా?"

అతను మళ్లీ గీకడం మొదలుపెట్టాడు.

మరూసోకు ఒళ్లు మండింది.

"చర్చిలన్నీ మూసేసుకున్న దేశం మీది. దేవుడి గోడ సంగతి నీకేం తెలుసు?"

చాకు ఆగింది. దాన్ని చొక్కాకు తుడిచి ఆమె చేతికిచ్చాడు.

కింద రేవులో మధ్యాహ్నం పడవ కూత వేసింది.

"ఆ పడవకే వెళ్లిపో. మిగతాది నేనే వేసుకుంటాను."

"ఒక్కసారి తడిబట్టతో తుడువు తల్లీ," అని అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మరూసో బకెట్ లాక్కుని బ్రష్ ముంచింది. గోడ దగ్గరికెళ్లాక చెయ్యి ఆడలేదు. విసుక్కుంటూనే తడిబట్ట తెచ్చి తుడిచింది.

ఒక కన్ను. దాని కింద కాస్త చెంప.

ఎన్ని వందల ఏళ్లనాటి పునీతుడో, ఆమెనే చూస్తున్నాడు.

మరూసో చెప్పులైనా వేసుకోకుండా కొండ దిగి రేవుకు పరుగెత్తింది. పడవ అప్పటికే దూరంగా తెల్లటి చుక్కైపోయింది.

రేవులో పుచ్చకాయలు దించుతున్న క్రిస్తో, లిగోర్ ఊరివాడే.

"ఆ ముసలాయన ఎక్కడికెళ్లాడు?"

"ఎక్కడ పని దొరికితే అక్కడికి. నాకూ చెప్పలేదు."

"గోడలో బొమ్మ ఉందని ఆయనకెలా తెలిసింది?"

క్రిస్తో చేతిలోని కాయ కింద పెట్టాడు.

"మా దేశంలో మతాన్నే నిషేధించిన రోజుల్లో, మా ఊరి చర్చిని నాశనం చేయడానికి సర్కారు మనుషులొస్తున్నారని తెలిసి, గోడలమీది పునీతులందరినీ సున్నంతో కప్పి కాపాడింది ఆయనేనమ్మా, అందుకు పదకొండేళ్లు జైల్లో ఉన్నాడు."