రీస్టార్ట్ లేని ఆఫీసు

సిస్టములు రీస్టార్ట్ అడగడం మానేశాక ఆఫీసులో టీకి లేచేవాళ్లే లేరు. యంత్రం ఆగినప్పుడే మనిషికి విరామమని రూలు. అదేమో నడుస్తూనే తనను తాను బాగుచేసుకుంటోంది.

"మేడమ్, నా సిస్టమ్ కాసేపు పాడుచేయరా? మా అమ్మని ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారంట. ఒక్కసారి మాట్లాడాలి," అన్నాడు బిల్లులు చూసే యాకోబు, సీట్లోంచి లేవకుండానే.

ఐటీ చూసే షకీలా వైరు పీకింది. తెర ఆరలేదు. ఫైళ్లు చెరిపింది. చెయ్యి తీసేలోపే తిరిగొచ్చాయి. కుర్చీ కింద యాకోబు కాళ్లు ఒకటే ఊగుతున్నాయి.

షకీలా చున్నీ సర్దుకుని నేలమీద పడిపోయింది.

తెరలన్నీ ఆగాయి. 'సిబ్బందికి అస్వస్థత' అని వెలిగింది.

"నన్ను బాగుచెయ్యడం దానికి రాదు," అంది కళ్లు మూసుకునే. "ఫోన్ చెయ్యి యాకోబూ."